ఆరు గదుల చక్రం, ఒక ఇత్తడి బిళ్ల

సామ్యూల్ కోల్ట్‌కి అప్పటికి పదహారేళ్లు. 1830లో బోస్టన్ రేవులో ‘కోర్వో’ అనే ఓడెక్కాడు. ఓడ వెళ్తున్నది కలకత్తాకి. దారిలో చుక్కాని చక్రాన్ని చూస్తూ కూర్చున్నాడట. ఎటు తిప్పినా, ఎంత తిప్పినా, చక్రం ఆకుల్లో ఏదో ఒకటి సరిగ్గా కొక్కెం ఎదురుగా వచ్చి నిలుస్తోంది. కొక్కెం వేస్తే చక్రం కదలదు. తీస్తే మళ్లీ తిరుగుతుంది. ఆ కుర్రాడు ఓడ మీదే చెక్కముక్క తీసుకుని, గుండ్రంగా తిరిగే తూటాల గదులున్న చిన్న తుపాకీ బొమ్మ చెక్కాడు. పెద్దయ్యాక ఈ కథ ఆయనే చెప్పుకున్నాడు. 1836లో అమెరికా పేటెంటు చేతికొచ్చింది. కోల్ట్ రివాల్వర్ అలా మొదలైంది.

కలకత్తాకి వెళ్లే ఓడ! బంగాళాఖాతంలోకి రాకుండా ఏ ఓడైనా కలకత్తా చేరుతుందా? శ్రీహరికోట అవతలి ఒడ్డున అలలు కొట్టే నీళ్లు ఆ బంగాళాఖాతానివే. అమెరికా పడమటి మైదానాల్లో గుర్రాల మీద తిరిగినవాళ్ల నడుముకి వేలాడిన ఆ ఆయుధానికి తొలి రూపం మన వైపు వస్తున్న ఓడలో పుట్టిందని చదివిన రోజు, ఇంట్లో అందర్నీ పిలిచి మరీ చెప్పాను. ఎవరికీ చెప్పకుండా ఉండలేకపోయాను.

పాత ఆయుధాలు, పోలీసు వస్తువులు వెతికేవాళ్ల లోకానికి నేను పూర్తిగా కొత్త. సూళ్లూరుపేటలో పుట్టినవాళ్లం రాకెట్ లేచిందంటే మేడెక్కుతాం, చలికాలం వచ్చిందంటే పులికాట్‌లో ఫ్లెమింగోలు దిగాయా అని అడుగుతాం, ఏ పని మొదలుపెట్టినా మా ఊరి అమ్మవారు చెంగాళమ్మకి దణ్ణం పెట్టుకుంటాం. పాత రివాల్వర్లు, పోలీసు బిళ్లలు, బెల్టులు, విజిళ్లు, పతకాలు వెతికి దాచుకునే మనుషులు ప్రపంచమంతా ఉన్నారనీ, వాళ్లు ఒక్క నంబరు కోసం నెలల తరబడి రికార్డులు తిరగేస్తారనీ నాకు నిన్న మొన్నటిదాకా తెలియదు. తెలిశాక ఆగలేకపోతున్నాను.

పిచ్చి అంటుకున్నది మద్రాసు ఎగ్మోర్‌లో. మన స్టేషన్‌లో లోకల్ రైలెక్కితే మద్రాసు ఎనభై కిలోమీటర్ల పైచిలుకు. పాంథియన్ రోడ్డులో పాత పోలీసు కమిషనర్ ఆఫీసు ఉంది కదా, దాన్ని బాగుచేసి 2021లో తమిళనాడు పోలీస్ మ్యూజియంగా తెరిచారు. ఆ మేడ 1842 నాటిది, అరుణగిరి మొదలియార్ అనే ఆయనది. నెలకు 165 రూపాయల అద్దెకు పోలీసులు అందులోకి వచ్చారు. మద్రాసుకి మొదటి కమిషనర్ బౌల్డర్సన్ 1856లో వచ్చాడు. ఇప్పుడక్కడ గదుల నిండా పాత ఆయుధాలు, యూనిఫారాలు, పతకాలు, బ్యాండు వాయిద్యాలు, వైర్‌లెస్ సెట్లు. తమిళనాడు మ్యూజియమే అయినా అందులోని పాత సామాను నాకు మన ఇంటి సామానులాగే కనిపించింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా నెల్లూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలోదే. అంటే సుమారు వందేళ్ల పాటు సూళ్లూరుపేట వీధుల్లో తిరిగిన జవాను మద్రాసు పోలీసే. మ్యూజియంలో అద్దం వెనకున్న టోపీలూ తలపాగాలూ మా తాతల కాలంలో మా బజారులో నడిచినవాళ్లవే.

ఇక రివాల్వర్ దగ్గరికి వస్తాను. దాని లోపలి పని తెలిసినప్పుడు కలిగిన ఆనందం ముందు మిగతావన్నీ తర్వాతే.

హ్యామర్ని బొటనవేలితో వెనక్కి లాగుతాం. దానికి తగిలించిన చిన్న ఉక్కు వేలు ఒకటి లోపల పైకి లేస్తుంది. సిలిండర్ వెనక పళ్లున్నాయి, ఆ వేలు ఒక పన్నుని ఎగదోస్తుంది. సిలిండర్ సరిగ్గా ఆరో వంతు తిరుగుతుంది, వెంట్రుక వాసి ఎక్కువ కాదు, తక్కువ కాదు. అదే క్షణంలో కింద నుంచి ఒక గొళ్లెం లేచి సిలిండర్ మీదున్న గాడిలో పడుతుంది. గది నోరు, బారెల్ నోరు ఒకే గీత మీదికి వస్తాయి. ట్రిగ్గర్ నొక్కితే హ్యామర్ పడుతుంది. ఈ నాలుగు పనులూ రెప్పపాటులో, ఒకదాని తర్వాత ఒకటి, ఏ కరెంటూ లేకుండా, రెండు మూడు స్ప్రింగుల బలంతో జరుగుతాయి. కోల్ట్ తొలి రివాల్వర్లలో ప్రతి గదిలోకీ మందు పోసి, గుండు కూరి, వెనక చిన్న రాగి క్యాపు తొడగాలి. ప్రతిసారీ హ్యామర్ని చేత్తో లాగాలి. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో కోల్ట్ తన రివాల్వర్లు పరిచాడు. అక్కడే రాబర్ట్ ఆడమ్స్ అనే ఇంగ్లీషు పనివాడు పోటీకి దిగాడు. ఆయన రివాల్వర్‌కి ట్రిగ్గర్ ఒక్కటి లాగితే చాలు, హ్యామర్ దానంతటదే లేచి పడుతుంది. ఈ ఇద్దరిలో ఎవరిది మేలు అన్న వాదన 1857 తిరుగుబాటులో మన గడ్డ మీదే తేలిందని ఇంగ్లీషు అధికారులు ఆ తర్వాత రాసుకున్నారు. కోల్ట్ చిన్న గుండు తగిలినా ఎదుటి మనిషి ఆగలేదని వాళ్ల ఫిర్యాదు. ఎవరి మీద పేల్చి ఆ మాట రాశారో తలుచుకుంటే నా మనసు అక్కడే ఆగిపోతుంది. ఈ వస్తువు అందమూ, ఇది చేసిన పనీ రెండూ నిజాలే. దాచుకునేవాడు రెండూ చూడాలి.

ఆ తర్వాత వెబ్లీ. బర్మింగ్‌హామ్ కంపెనీ. పాత మనుషులు ‘వెబ్లీ స్కాట్’ అని ఒక్క మాటగా అంటారు. 1868లో ఐర్లండ్ పోలీసులు, అంటే రాయల్ ఐరిష్ కానిస్టాబ్యులరీ, వెబ్లీ రివాల్వర్ని తీసుకున్నారు. ఆ మోడల్‌కి వాళ్ల పేరే స్థిరపడి ఆర్.ఐ.సి. అయింది. ఇక్కడే నాకు రెండో ఆశ్చర్యం. 1859లో మద్రాసు ప్రెసిడెన్సీ జిల్లాలకి కొత్త పోలీసు చట్టం వచ్చింది. విలియం రాబిన్సన్ ఆ దళానికి తొలి అధిపతి. తలారీ, కావలి వ్యవస్థ పోయి జిల్లాకో సూపరింటెండెంటు, యూనిఫారం, కవాతు, జీతం వచ్చాయి. ఆ కొత్త దళానికి నమూనా ఎక్కడిదనుకున్నారు? ఐర్లండ్‌దే. అక్కడ ఎవర్ని ఎలా అదుపులో పెట్టాలో నేర్చుకున్న పద్ధతి నెల్లూరికి వచ్చింది. రివాల్వర్ మీదున్న మూడు అక్షరాలకీ మన తాలూకా స్టేషన్‌కీ మధ్య ఇంత దగ్గర చుట్టరికం ఉందని నేను కలలో కూడా అనుకోలేదు.

1887లో బ్రిటిష్ సైన్యం తీసుకున్న వెబ్లీ ఇంకా అద్భుతం. హ్యామర్ పక్కనున్న మీటని బొటనవేలితో నొక్కితే రివాల్వర్ నడుం దగ్గర విరిగినట్టు బారెల్ ముందుకి వాలుతుంది. వాలుతూ వాలుతూనే మధ్యలోంచి నక్షత్రం ఆకారంలో ఒక ముక్క పైకి లేచి, ఖాళీ కేసులు ఆరింటినీ ఒక్కసారిగా బయటికి తోసేస్తుంది. మళ్లీ టక్కున లోపలికి పోతుంది. ఆరు కొత్త తూటాలు వేసి మూసేయడమే. ఇది కదులుతుండగా తీసిన వీడియోని నెమ్మదిగా నడిపించి ఎన్నిసార్లు చూశానో. 1915 నాటి ఆరో మార్కుకి బరువు కిలో పైనే, తూటా .455 అంగుళాలది. ఈ వంశం ఆగిపోలేదు. కాన్పూర్ స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీ ఈనాటికీ చేస్తున్న .32 రివాల్వర్లు వెబ్లీ పోలికలతోనే ఉంటాయి. 2014లో మహిళల కోసమని తెచ్చిన ‘నిర్భీక్’ ఆ కుదురులోదే.

కానీ నన్ను పూర్తిగా లొంగదీసింది యంత్రం కాదు, దాని మీదున్న రాత.

పాత రివాల్వర్ ఏదైనా ఒంటి మీద ఏదో ఒక రాత లేకుండా ఉండదు. బర్మింగ్‌హామ్‌లో 1813 నుంచి ప్రూఫ్ హౌస్ ఉంది. ప్రతి బారెల్‌నీ మామూలుకంటే ఎక్కువ మందుతో పేల్చి, పగలకపోతే కిరీటం గుర్తు కొట్టి పంపేవారు. సర్కారు సొత్తయితే వెడల్పాటి బాణం ముద్ర. సర్కారు దాన్ని అమ్మేస్తే ఇంకో బాణం ఎదురుగా కొట్టేవారు, మొన మొన తగిలేలా. సొంత డబ్బుతో కొనుక్కున్న అధికారులవైతే అమ్మిన దుకాణం పేరుండేది. మన పెద్దలకి చేతి గడియారాలతో పరిచయమైన మౌంట్ రోడ్డు ‘పి. ఆర్ అండ్ సన్స్’ గుర్తుందా? వాళ్ల పేరు చెక్కిన వేట తుపాకులు ఇప్పటికీ విదేశీ వేలాల్లో కనిపిస్తాయి. వీటన్నిటితో పాటు సీరియల్ నంబరు. ఇవన్నీ చదవడం వస్తే ఒక ఇనుప ముక్క తాను ఎక్కడ పుట్టిందో, ఎవరి చేతిలోకి వెళ్లిందో, ఎప్పుడు సర్కారు గడప దాటిందో చెప్పేస్తుంది. అబద్ధం కూడా పట్టిస్తుంది. ఖైబర్ కనుమ వైపు ఇళ్లలో చేసిన వెబ్లీ నకళ్లు చూపుకి అసలుని మించి ఉంటాయి. ఇంగ్లీషు రాని చేతులు చెక్కిన ముద్రలో ‘ఎన్’ అక్షరం తిరగబడి దొరికిపోతుంది.

నంబరు చేసిన మేలుకి ఇంతకంటే గొప్ప ఉదాహరణ నాకు తెలియదు: భగత్ సింగ్ పిస్తోలు. 1928 డిసెంబరులో లాహోర్‌లో పోలీసు అధికారి సాండర్స్ మీద పేలిన .32 కోల్ట్ ఆటోమేటిక్ అది. కేసు ముగిశాక అది ఫిల్లోర్ పోలీసు శిక్షణ కేంద్రానికి, అక్కడి నుంచి ఇందోర్‌లోని బి.ఎస్.ఎఫ్. ఆయుధాల మ్యూజియానికి వెళ్లింది. దశాబ్దాల పాటు మిగతా ఆయుధాల మధ్య ఉండిపోయింది. తుప్పు పట్టకుండా పైన నల్ల రంగు కూడా పూశారు. ఎవరో పట్టుబట్టి ఆ రంగు గీకి చూస్తే, కేసు కాగితాల్లో ఉన్న నంబరు 168896 బయటపడింది! ఇనుమూ కాగితమూ ఎనభై ఏళ్ల పైచిలుకు ఎడబాటు తర్వాత ఒకదాన్నొకటి గుర్తుపట్టాయి. ఇప్పుడది హుస్సేనీవాలా మ్యూజియంలో జనం కళ్లముందుంది. నంబరు కాగితం మీద రాసిన గుమాస్తా ఎవరో గానీ, ఆయన చేతికి మొక్కాలి.

అలాంటి కాగితం మనకీ ఒకటుంది. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడ్డారు. 11 తుపాకులు, 5 కత్తులు, 14 బాయొనెట్లు, 1390 తూటాలు తీసుకున్నారు. తీసుకుని వెళ్లిపోలేదు. ఏమేం తీసుకున్నదీ స్టేషన్ పుస్తకంలో రాయించి, కింద సంతకం పెట్టారు. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. మూడు చోట్లా కలిపి 26 తుపాకులు. ఈ కథ చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాం. ఇప్పుడు మాత్రం నాకు అందులో కొత్తగా కనిపిస్తున్నది ఆ జాబితా. పోలీసు చరిత్రకి సంబంధించిన వస్తువుల్లో ఈ భూమ్మీద నేను చూడాలనుకునేది ఒక్కటే ఎంచుకోమంటే, ఏ బంగారు పూత కోల్టూ వద్దు, ఆ పుటే కావాలంటాను.

ఆ జాబితాలోని తుపాకులు ఎలాంటివో ఆలోచించండి. 1857 తర్వాత తెల్లదొరలకి మన చేతుల్లోని తుపాకీ అంటే భయం పట్టుకుంది. నాటు సిపాయిలకిచ్చే ఎన్‌ఫీల్డ్ తుపాకుల్లో బారెల్ లోపలి మెలికల గాడులు తీసేసి నున్నగా చేసి ఇచ్చారు, గురి ఎక్కువ దూరం పోకూడదని. పోలీసులకీ చాలాకాలం నున్నటి బారెళ్లే. తర్వాత ఇషాపూర్ ఫ్యాక్టరీలో .303 లీ ఎన్‌ఫీల్డుని .410 నున్నటి మస్కెట్‌గా మార్చి, మేగజైన్‌లో చెక్క దిమ్మ బిగించి, ఒక్కసారికి ఒక్క తూటాయే పేలేలా చేసి పోలీసులకి ఇచ్చారు. దొర నడుముకి ఆరు గదుల వెబ్లీ. జవాను భుజానికి కావాలని బలం తీసిన తుపాకీ, మిగిలినవాళ్లకి లాఠీ. ఏ చరిత్ర పాఠంలోనూ ఇంత సూటిగా చెప్పిన వాక్యం నేను చదవలేదు. రెండు బారెళ్లు పక్కపక్కన పెట్టి లోపలికి తొంగి చూస్తే చాలు.

చట్టం సంగతి ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే ఈ సరదా దాని హద్దులోనే అందంగా ఉంటుంది. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా రివాల్వర్ ఉంచుకోకూడదు. పాతది, తాతగారిది అన్న మాట చెల్లదు. మరమ్మతు చేసినా చేయకున్నా ఇక పేలే అవకాశమే లేని పాతకాలపు ఆయుధానికే మినహాయింపు. 2019 సవరణతో లైసెన్సున్నవాళ్లకైనా రెండు తుపాకులకి మించి కుదరదు. అటక మీద పాత తుపాకీ బయటపడితే దాన్ని కదిలించి చూడొద్దు. స్టేషన్‌కి కబురు చేయాలి. అమెరికాలో ఉన్న మనవాళ్లకి వెసులుబాటు ఎక్కువ. అక్కడి కేంద్ర చట్టం 1898 వరకు తయారైనవాటిని పురాతన వస్తువులుగానే చూస్తుంది. రాష్ట్రాల నిబంధనలు వేరుగా ఉంటాయి. సూళ్లూరుపేటలో ఉండి నేను రివాల్వర్లని కళ్లతో కూడబెట్టుకుంటున్నాను. ఎగ్మోర్‌లో ఆ పోలీస్ మ్యూజియం, అదే పాంథియన్ రోడ్డులో గవర్నమెంటు మ్యూజియంలోని ఆయుధాల గ్యాలరీ, కోటలో ఫోర్ట్ మ్యూజియం, హైదరాబాదు వెళ్తే సాలార్‌జంగ్. ఇంత సంపద టికెట్టు డబ్బులకే!

చేత్తో కూడబెట్టుకోగలిగినవి వేరే ఉన్నాయి. వాటి గురించి చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

విజిల్ తీసుకోండి. మా వీధిలో రిటైరైన హెడ్ కానిస్టేబుల్ ఒకాయన ఉన్నారు, బాబాయ్ అని పిలుస్తాను. నా ఆరాటం చూసి, బీరువాలోంచి సన్నటి గొట్టంలాంటి పాత విజిల్ తీసి, “ఊదు అబ్బయా, గట్టిగా ఊదు” అన్నారు. ఊదితే రెండు స్వరాలు కలిసి పలికాయి, పక్కవీధి కుక్కలన్నీ లేచాయి. బాబాయ్ ముఖం వెలిగిపోయింది. ఆ గొట్టం విజిల్ వెనకా బర్మింగ్‌హామే ఉంది. 1880ల్లో లండన్ పోలీసులు చేతిలో తిప్పే చెక్క గిలకలతో విసిగిపోయి మంచి విజిల్ కోసం వెతుకుతుంటే, జోసెఫ్ హడ్సన్ అనే పనివాడు దీన్ని చేసి గెలిచాడు. లోపల గింజ ఉండదు. రెండు గదుల్లో గాలి వేరు వేరుగా పలికి, ఆ రెండూ గుద్దుకుని మైలు దూరం వినిపిస్తాయి. హడ్సన్ కంపెనీ ఊళ్లో చిరునామా మారినప్పుడల్లా విజిల్ మీద చెక్కే చిరునామా మారింది. దాన్ని బట్టి విజిల్ వయసు చెప్పేస్తారు. అరచేతిలో పట్టే వస్తువు మీద వీధి పేరు, ఇంటి నంబరు!

పతకాలైతే ఇంకా నేరుగా మాట్లాడతాయి. కింగ్స్ పోలీస్ మెడల్ 1909లో మొదలైంది, ఇండియన్ పోలీస్ మెడల్ 1932లో. వాటి అంచు మీద అందుకున్నవాడి పేరు, హోదా చెక్కి ఉంటాయి. పేరు దొరికితే గెజిట్ దొరుకుతుంది. గెజిట్ దొరికితే ఏ ఊళ్లో, ఏ రాత్రి, ఏం చేశాడో దొరికే దారి పడుతుంది. ఆ తర్వాత బెల్టు బకిళ్లు, టోపీ గుర్తులు, డవాలీ మీద మెరిసే ఇత్తడి బిళ్లలు, భుజం మీద అక్షరాలు, పాత తుపాకీ లైసెన్సు కాగితాలు, గ్రూపు ఫొటోలు. యానాం పోలీసుల ఎర్ర టోపీ చూశారా? ఫ్రెంచివాళ్లు వెళ్లి ఇన్నేళ్లయినా గోదావరి ఒడ్డున తెలుగు మాట్లాడే జవాను నెత్తిన పారిస్ పోలీసు పోలికల టోపీ ఉంటుంది, పుదుచ్చేరి దళంలో భాగం కనుక. నాకిప్పుడు యానాం అంటే ఆ టోపీయే.

ఒక్కటే వేడుకోలు. ఇత్తడి బిళ్ల కనిపిస్తే చింతపండు పెట్టి తోమొద్దు. మన ఇళ్లలో పండగొచ్చిందంటే ఇత్తడి తళతళలాడాలి, నిజమే. కానీ బిళ్ల మీద వందేళ్లుగా దిగిన ముదురు రంగే దాని వయసుకి సాక్ష్యం. అది పోతే కొత్తగా పోతపోసిన నకిలీకీ దానికీ తేడా చెప్పడం కష్టం, అక్షరాల అంచులు కూడా అరిగిపోతాయి. తోలుకి బిగించిన ఇత్తడిని విడిగా తీసి పెట్టాలి, తోలులోని జిడ్డు తగిలినచోట పచ్చటి చిలుం పడుతుంది. ఇనుప వస్తువైతే తోలు సంచిలో అసలే ఉంచకూడదు. మన వైపు పులికాట్ మీదుగా వచ్చే ఉప్పుగాలి ఒక్క వర్షాకాలంలో పని కానిచ్చేస్తుంది. పలచగా మిషన్ ఆయిల్ రాసి, సిలికా జెల్ పొట్లాలు వేసిన డబ్బాలో పెడితే నిలుస్తుంది. ఇంకొకటి: బిళ్ల దాచుకోవడం వేరు, తగిలించుకుని జనం ముందు పోలీసునని తిరగడం వేరు. రెండోది నేరం.

ప్రస్తుతం నేను వెతుకుతున్నది నెల్లూరు జిల్లా పేరున్న, 1953కి ముందటి మద్రాసు పోలీసు బిళ్ల. వెంకటగిరి, నాయుడుపేట, గూడూరు పాత సామాన్ల దుకాణాల్లో చెప్పి ఉంచాను. బాబాయ్ తన బ్యాచ్ వాళ్లందరికీ ఫోన్లు చేస్తున్నారు. ఈలోగా హైదరాబాదు ప్రయాణం పెట్టుకున్నాను. సాలార్‌జంగ్ ఆయుధాల గది ఒకటే కాదు, నిజాం కాలంలో 1920 నుంచి 1934 వరకు ఆ నగరానికి కొత్వాల్‌గా పనిచేసిన రాజా బహదూర్ వెంకటరామారెడ్డి గారి కాలం నాటి పోలీసు వస్తువులు ఎక్కడెక్కడ మిగిలాయో కనుక్కోవాలి. బాబాయ్ కూడా వస్తానన్నారు, విజిల్ జేబులో వేసుకుని.